నీలం అంచు కప్పు

ఉప్పుమడుల్లో తెల్లవారడానికీ పొద్దుగూకడానికీ పెద్ద తేడా ఉండదు. రెండు పూటలా ఆకాశం అదే గులాబిరంగు, మడిలో నీళ్ళదీ అదే రంగు, మధ్యన తెల్లటి గట్లు. మెలకువగా ఉన్నవాడికి ఫరవాలేదు గానీ, నిద్రమత్తులో లేచినవాడికి అది ఏ పూటో చెప్పడానికి ఇంకో మనిషి కావాలి. మేం అక్కడే పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి ఇదొక వింత అని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఎండాకాలం దాకా.

కొత్త ప్రభుత్వం వచ్చి వారాన్ని ఎత్తేసిన ఎండాకాలం అది.

వారాన్ని ఎత్తేయడమేమిటని ఇప్పుడు మా పిల్లలు నవ్వుతారు. మొదట మేమూ నవ్వాం. జీపుకి మైకు కట్టుకుని వచ్చి గట్టు మీంచి చెప్పారు: ఇకమీదట సోమవారం, మంగళవారం అనే మాటలు లేవు. ఉప్పు తీసినన్నాళ్ళూ ఒకటే పని. సెలవు ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళకి. అందరికీ ఒకే రోజు సెలవిస్తే అందరూ ఒకచోట చేరతారు, చేరినవాళ్ళు పాడతారు, పాడినవాళ్ళు మర్నాడు మాట వినరు. ఈ చివరి ముక్క మైకులో అనలేదు, మా బాబాయి కలిపాడు.

నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. మా చర్చికి తాళం వేసి, తర్వాత ఆ తాళం తీసి లోపల ఉప్పు బస్తాలు పేర్చారు. గంట దించేశారు. అయ్యగారికి బదిలీ అయిందన్నారు. అయ్యగార్లని బదిలీ చేసేదెవరో మాకెవరికీ తెలియదు. ఆయన సైకిలు మాత్రం చాలాకాలం చర్చి వెనక గోడకి ఆనుకునే ఉంది. ఇంటింటికీ వచ్చి క్యాలెండర్లూ రేడియోలూ పట్టుకుపోయారు. మా గోడ మీద క్యాలెండరు ఉన్నచోట మాయని సున్నం ఒక పలకలా మిగిలింది. "ఇవాళ ఏం వారం?" అని ఎవరినైనా అడిగితే చాలు, అడిగినవాడు దొరికిపోయినట్టే. మడుల్లో ఎవరి చెవి ఎవరిదో ఎవరికి తెలుసు?

మా నాన్నమ్మ మాత్రం కంగారు పడలేదు. ఆవిడకి కప్పులున్నాయి.

ఏడు పింగాణీ పూత కప్పులు. పొయ్యి పక్క గోడకి వరసగా మేకులు కొట్టి తగిలించేది. ఆరింటికి అంచు నలుపు, చివరిదానికి నీలం. ఎప్పుడో పెళ్ళిలో ఎవరో ఇచ్చారట, ఒకటి చిల్లుపడితే సంతలో దొరికిన నీలం అంచుది తెచ్చి కలిపారట. పొద్దున లేవగానే మొహం కడుక్కుని, ఆ రోజు కప్పుతో నీళ్ళు తాగి, ప్రార్థన చేసుకుని, కప్పుని గోడవైపు తిప్పి తగిలించేది. మర్నాడు దాని పక్కది. నీలం అంచు కప్పు చేతికి వచ్చిందంటే ఆదివారం. మర్నాడు అన్నిటినీ మళ్ళీ ఇటు తిప్పి, మొదటిదానితో మొదలు.

"వాళ్ళ జీపు నా గోడ మీదికి ఎక్కుతుందేమిట్రా?" అంది నాన్నతో. "ప్రభువు సమాధిలోంచి లేచిన రోజు ఏదో నాకు తెలియాలి, అంతే. నేను చెప్తా, నువ్వు చేతులు కట్టుకో."

చేతులు కట్టుకోవడం మా పనిలో అంత కష్టం కాదు. మడిలో ఉప్పు పేరుకునేటప్పుడు కదపకూడని రోజులుంటాయి. ఏ రోజు లాగాలో, ఏ రోజు ఊరుకోవాలో ఆ మడివాడి ఇష్టం. నీలం అంచు కప్పు రోజున నాన్న తూము పలక దించేసి, "ఇవాళ మడి నిద్రపోవాలి" అనేవాడు. లాగుడు కర్రలు గట్టు మీద పడుకోబెట్టి మేమంతా గుడిసెలోకి వచ్చేసేవాళ్ళం. తలుపు దగ్గరగా వేసి, పెదవులు కదపకుండా పాడుకునేవాళ్ళం. ముక్కుతో పాడే ఆ పాటలు బయటికి తేనెటీగల రొదలా వినపడేవి. బాబాయికి శ్రుతి లేదు. ముక్కుతో కూడా తప్పు పాడేవాడు. నాన్నమ్మ కళ్ళు మూసుకునే మొట్టికాయ వేసేది.

మా పక్కన తూముల మామయ్య వాళ్ళుండేవాళ్ళు. మడులన్నిటికీ తూము పలకలు చేసే వడ్రంగి ఆయన. చుట్టరికం ఏమీ లేదు. నాన్న ఆయన్ని బావా అనేవాడు, ఆయన నాన్నమ్మని అత్తా అనేవాడు, పాటకి మొదటి గొంతు ఆయనది. కొత్త రూలు వచ్చాక రెండిళ్ళ మధ్యా రాకపోకలు తగ్గాయి. నలుగురు ఒక గుమ్మంలో కనబడితే జీపు ఆగుతోంది మరి. గట్టు మీద ఎదురుపడితే "వందనాలు" అని లోగొంతుతో అనుకోవడం, అంతే.

ఎండ ముదిరింది. ఆ రోజులు తలుచుకుంటే నాకు అన్నీ నీళ్ళలోంచి చూసినట్టు కనిపిస్తాయి. గట్లు వణికేవి. దూరాన నడిచే మనిషికి కాళ్ళుండేవి కావు, నడుం నుంచి పైకే తేలుతూ వచ్చేవాడు. ఉప్పుగుట్టలు నేలని విడిచి ఒక జానెడు ఎత్తున నిలబడేవి. అలాంటి ఒక సాయంత్రం మేం పని ముగించుకుని వచ్చేసరికి నాన్నమ్మ శుభ్రంగా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంత పొద్దున్నే నలుగురూ ఎక్కడికెళ్ళి వస్తున్నారర్రా? నాకొక మాట చెప్పక్కర్లేదూ?"

మేం మొహమొహాలు చూసుకున్నాం. బాబాయి ముందు నవ్వాడు. "అమ్మా, పొద్దున్న కాదే తల్లీ, సాయంత్రం! మధ్యాహ్నం కాస్త కునుకు తీసినట్టున్నావు."

ఆవిడ ఆకాశం వంక చూసింది. గులాబిరంగు. నీళ్ళ వంక చూసింది. అదే రంగు. "చోద్యం!" అని తనూ నవ్వేసింది. "అదేమిటో, ఒంట్లో నిద్ర తీరినట్టే ఉంది. ప్రార్థన కూడా చేసేసుకున్నాను."

"రెండుసార్లు చేస్తే ఆయనేం కాదనడులే" అంది అమ్మ. అందరం నవ్వాం. ఆ నవ్వులో ఎవరూ గోడ వంక చూడలేదు.

ఆ తర్వాత లోకం కొంచెం పక్కకి జరిగినట్టుండేది. ఏమిటో చెప్పలేం గానీ ఏదో తేడా. నీలం అంచు కప్పు తీసిన రోజున మేం తలుపు వేసుకుని కూర్చుంటే, అవతలినుంచి తూముల మామయ్య సుత్తి చప్పుడు వినపడేది. టక్, టక్, టక్.

"ఆదివారం పూట సుత్తి!" నాన్నమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "భయపడ్డాడు పాపం. పెళ్ళాం పిల్లలున్నవాడు."

"అలా అనకమ్మా, ఆయన బాధేమిటో" అన్నాడు నాన్న. కానీ ఆయన మొహం చిన్నబోయింది.

మామయ్య కూడా మారిపోయాడు. గట్టు మీద నాన్న "వందనాలు బావా" అంటే, పలకలు భుజం మార్చుకుని వెళ్ళిపోయేవాడు. వాళ్ళావిడ, మాకు అత్త, నీళ్ళకి వచ్చినప్పుడు మా అమ్మ వైపు వీపు తిప్పి బిందె నింపుకునేది. "తప్పు చేసినవాళ్ళకి మొహం చూపించడం కష్టంగానే ఉంటుంది" అని జాలిపడింది నాన్నమ్మ.

ఇదంతా ఇలా ఉండగా ఒక అధికారి రావడం మొదలుపెట్టాడు. మెడలో దుర్భిణి వేలాడేది. మేం ఆయన్ని దుర్భిణి అనేవాళ్ళం. అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు. తెల్ల గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని మడులన్నీ ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూసుకుని వెళ్ళిపోయేవాడు. ఆయన వచ్చి వెళ్ళిన మర్నాడు ఎవరో ఒకరి గుడిసె ఖాళీ అయ్యేది. వాళ్ళ ఉప్పుగుట్ట మీద ప్రభుత్వ కొఠారు ముద్ర పడేది, ఇక ఆ ఉప్పు వాళ్ళది కాదు. మడీ గుడిసే ప్రభుత్వం ఇచ్చినవే కాబట్టి పొమ్మంటే పోవడమే.

అలా ఒక రోజు తూముల మామయ్య వాళ్ళని కూడా పొమ్మన్నారు. రంపం, బాడిస ఒక గోనెలో వేసుకుని మా మడి పక్కనుంచే వెళ్ళాడు. నాన్న మోకాల్లోతు నీళ్ళలోంచి గబగబా గట్టెక్కి రెండు చేతులూ జోడించాడు. "వందనాలు బావా. ఏమైంది, నిన్నెందుకు...?"

మామయ్య ఆగాడు. నాన్న చంకలో ఇరికించుకున్న లాగుడు కర్ర వంక చూశాడు. ఒక మాట అనబోయి మానేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎండలో ఆయన కాళ్ళు ముందు మాయమయ్యాయి, తర్వాత నడుం, చివరికి భుజం మీది గోనె.

"పని చేసినా వదల్లేదు చూశావా" అన్నాడు బాబాయి. ఆ రోజు నాన్న లాగిన ఉప్పులో బురద కలిసింది. ఎప్పుడూ అలా జరగలేదు.

వానలు పడేలోగా ఉప్పు గుట్టకెత్తాలి. మా గుట్ట ఆ ఏడు గుడిసె కంటే ఎత్తు పెరిగింది. అమ్మ దాని మీద తాటాకులు కప్పుతూ, "ఇందులో సగం నా నడుమేనమ్మా" అనేది నాతో. ఆ రోజుల్లోనే ఒక పొద్దున దుర్భిణి గట్టు దిగి మా మడి దగ్గరికే వచ్చాడు. నాన్న ఉప్పు లాగుతున్నాడు, నేనూ అమ్మా తట్టలెత్తుతున్నాం.

"ఆపకయ్యా, కానీ కానీ" అన్నాడు గొడుగు కిందనుంచి. "నిన్ను చూస్తే ముచ్చటేస్తుంది నాకు. మీవాళ్ళలో ఎంతమంది పైకి సరేనని లోపల పాత పద్ధతిలోనే ఉన్నారో తెలుసా? పట్టుకోవడం ఎంత తేలికనుకున్నావు! నేను మీ ఆదివారం నాడే వస్తాను. చేతులు కట్టుకున్నవాడెవడో దుర్భిణి చెప్పేస్తుంది. నీ కర్ర మాత్రం ఒక్కసారీ ఆగలేదు."

నాన్న కర్ర అప్పుడు ఆగింది.

"ఇవాళ..." అన్నాడు.

"ఇవాళే కదా. ఎండలో ఇంత దూరం ఊరికే వస్తానా?"

నాన్న కాసేపు నీళ్ళలోకి చూశాడు. "నిన్న అనుకున్నానండీ" అన్నాడు.

దుర్భిణి పగలబడి నవ్వాడు. భలేవాడివే అన్నాడు. పెద్ద తూము కాపలా పని నాన్నకే ఇప్పిస్తానన్నాడు, ఇటుక గోడల ఇల్లు దానికుంటుందన్నాడు. ఉప్పు కొఠారు ముందు అందరినీ నిలబెట్టి మైకులో చెప్తానన్నాడు. కొఠారు అంటే మా చర్చే. ఆయన గొడుగు తేలుకుంటూ దూరమైపోయేదాకా అమ్మ నెత్తి మీద తట్ట అలాగే ఉంది. తట్టలోంచి ఉప్పునీరు ఆవిడ చెంపల మీదుగా కారుతోంది, తుడుచుకోలేదు.

గుడిసెలోకి వెళ్ళాం. బయట ఎండ తెల్లగా మండుతోంది, లోపల చీకటి. నాన్నమ్మ అంతా విని లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. నల్ల అంచు కప్పుల్లో మొదటిది గోడవైపు తిరిగి ఉంది. ఆవిడ లెక్కకి ఇవాళ సోమవారం. కప్పుల్ని ఒక్కొక్కటే తాకింది. ఉన్నట్టుండి మధ్యలో ఆగింది.

"ఆ సాయంత్రం" అంది. "నేను కునుకు తీసి లేచిన సాయంత్రం. కప్పు తీశాను రా. తాగాను. మళ్ళీ పొద్దున ఇంకోటి తీశాను."

అవతల సుత్తి లేని నిశ్శబ్దం అప్పుడు వినపడింది.

"సుత్తి మోగింది శనివారం" అన్నాడు నాన్న మెల్లిగా. "మనం ఉప్పు లాగింది ఆదివారం. బావ చూస్తూనే ఉన్నాడు."

బాబాయి చేతులు నలుపుకుంటూ లేచాడు. "అన్నయ్యా, నా మాట విను. మనం తప్పు చేయలేదు. మనసులో ఆదివారమే అనుకుని చేశాం, ప్రభువు పుచ్చుకున్నాడు. తెలియకుండా మన నెత్తిన ఆయనే గొడుగు పట్టాడు. పట్టిన గొడుగు లాగి పారేస్తావా? అలాగే కానిద్దాం. ముందు రోజే చేసుకుందాం. దేవుడికి శనివారం చెవుడా?"

అది నాకు చాలా బాగా నచ్చింది. ఇప్పటికీ అందులో తప్పు పట్టాలంటే ఆలోచించాలి.

"నువ్వేమంటావు?" నాన్న అమ్మని అడిగాడు.

"నాకు గుట్ట కావాలి" అంది అమ్మ సూటిగా. "గుడిసె కావాలి. ఆ ఇటుకల ఇల్లయితే ఇంకా కావాలి. అడిగావు కాబట్టి చెప్పాను." కొంగుతో మెడ తుడుచుకుంది. "అలా అని నీళ్ళ దగ్గర వాళ్ళావిడ వీపు చూస్తూ బతకమంటే నా వల్ల కాదు. ఆవిడ వెళ్ళిపోయినా ఆ వీపు అక్కడే ఉంది."

నాన్నమ్మ పొయ్యి పక్కన కూర్చుండిపోయింది. ఆ మధ్యాహ్నం ఎవరం మడిలోకి దిగలేదు. మర్నాడు పొద్దున నాన్నమ్మ నిన్నటి కప్పునే మళ్ళీ తీసి నీళ్ళు తాగింది. తాగి, అందరికీ కనబడేలా కాస్త గట్టిగా తగిలించింది. మేకు ఊగింది.

ఆ తర్వాతి రోజులు మామూలుగానే జరిగాయి, కలలో పనులు జరిగినట్టు. ఎవరం ఆ మాట ఎత్తలేదు. నాన్న ఉప్పు లాగాడు, మేం మోశాం, గుట్ట ఇంకాస్త పెరిగింది. ఆయన ఏం చేస్తాడో నాకు తెలియదు. ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. రోజుకొక నల్ల అంచు కప్పు గోడవైపు తిరుగుతూ వచ్చింది.

నీలం అంచు కప్పు రోజున నాకు మెలకువ వచ్చేసరికి నాన్న బయట నీళ్ళు కొడుతున్న చప్పుడు. లాగుడు కర్రలు కడుగుతున్నాడు. మా పనిలో ఒక పద్ధతుంది. సీజను సాగినన్నాళ్ళూ కర్రలు గట్టు మీద పడుకునే ఉంటాయి. పని పూర్తిగా అయిపోయిన రోజునే వాటిని కడిగి, పలక పైకి ఉండేలా గోడకి నిలబెడతారు. నాన్న నాలుగు కర్రలూ అలా నిలబెట్టాడు. గట్టువైపు గోడకి, అందరికీ కనబడేలా. పొడుగాటి కర్ర, పైన అడ్డంగా పలక. దూరంనుంచి చూస్తే అవి దేనిలా కనిపిస్తాయో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

తర్వాత తలుపు బార్లా తీసి కూర్చున్నాం. నాన్నమ్మ పాట ఎత్తుకుంది, ఈసారి నోటితో.

దుర్భిణి గట్టు మీంచి చూసి, దుర్భిణి దించి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గబగబా దిగి వచ్చాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. ఇవాళ ఆదివారం."

"మరి ఇన్నాళ్ళూ?"

"లెక్క తప్పిందండి. ఒక రోజు ముందే చేసుకుంటూ వచ్చాం."

దుర్భిణి నవ్వబోయాడు. నాన్న మొహం చూసి ఆపుకున్నాడు. గొడుగు మూసి, గుమ్మంలో వంగి లోపలికి చూశాడు. అమ్మని, బాబాయిని, నన్ను, పాట ఆపని నాన్నమ్మని. గొంతు తగ్గించాడు.

"నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికి తెలుసయ్యా?"

"మా అమ్మకి తెలుసండి."

"ఒక్క రోజు తేడా" అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. "అంతేగా? ఆ తేడా అలాగే ఉంచుకో. శనివారం నేను రాను. నేనేమీ వినలేదు. కర్రలు దించు."

నాన్న గుట్ట వంక చూశాడు. తాటాకుల కింద తెల్లగా మెరుస్తోంది.

"తెలిసిపోయింది కదండీ" అన్నాడు.

ఆ సాయంత్రానికి గుట్ట మీద ముద్ర పడింది. మేం గట్టు మీదుగా నడిచాం. ఆకాశం గులాబిరంగు, నీళ్ళు గులాబిరంగు. వెళ్ళిపోతున్నామో అప్పుడే వస్తున్నామో తెలియనట్టుంది. నాన్నమ్మ కప్పుల మూట ఎవరికీ ఇవ్వలేదు. అడుగడుక్కీ అవి గలగలమన్నాయి. మా వెనక, ఇంకా మిగిలిన గుడిసెల్లో ఒకదాని ముందు, ఎవరో కర్ర కడుగుతున్న చప్పుడు వినపడింది. వెనక్కి తిరిగి చూడొద్దంది అమ్మ. నేను చూశాను. ఎవరో పోల్చుకోలేకపోయాను.

పట్నంలో కలప డిపోల వెనక ఒక పెద్ద రేకుల షెడ్డు. మడుల్లోంచి వెళ్ళగొట్టిన నాలుగైదు కుటుంబాలు వెదురు తట్టీలు అడ్డం పెట్టుకుని అందులో ఉంటున్నాయి. తూముల మామయ్య గుమ్మంలో కూర్చుని ఒక తలుపు చిత్రిక పడుతున్నాడు. మమ్మల్ని చూసి చిత్రిక ఆపలేదు.

"వందనాలు బావా" అన్నాడు నాన్న.

పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. "ఏం, ఇటుకల ఇల్లిచ్చారన్నారు?"

"పొమ్మన్నారు."

"ఎప్పుడు?"

"నిన్న. ఆదివారం."

చిత్రిక ఆగింది. మామయ్య మా మూటలు చూశాడు, నాన్న ఖాళీ చేతులు చూశాడు. అప్పుడు నాన్నమ్మ ముందుకొచ్చి, "తప్పు నాదిరా అల్లుడూ. పట్టపగలు పడుకున్నాను" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. సుత్తి దగ్గరికి వచ్చేసరికి మామయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తితే ఏడుపూ నవ్వూ రెండూ ఉన్నాయి.

"నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నాను రా బావా!" అన్నాడు. "ఒకటా రెండా! ప్రార్థనలో కూడా తిట్టాను."

"మా అమ్మ నీ కోసం జాలిపడింది. దానికంటే నీ తిట్లే నయం" అన్నాడు నాన్న.

లోపల్నుంచి అత్త వచ్చి అమ్మ నెత్తి మీది మూట దింపింది. మూట దించాక కూడా అమ్మ భుజం మీంచి చెయ్యి తీయలేదు. ఆ పూటే మామయ్య తట్టీకి ఏడు మేకులు కొట్టాడు, నాన్నమ్మ చెప్పినంత ఎత్తులో.

కొన్నాళ్ళకి మొదటి వాన పడింది. మడులన్నీ నీళ్ళయిపోయి ఉంటాయి, మా గుట్ట ఎవరి బస్తాల్లోకి వెళ్ళిందో. ఆ మధ్యాహ్నం నాన్నమ్మ రేకుల మీద చినుకులు వింటూ నిద్రపోయింది. లేచేసరికి కిటికీలో గులాబిరంగు. లేచి, మొహం కడుక్కుని, తట్టీ దగ్గరికి వెళ్ళి కప్పు మీద చెయ్యి వేసింది. నేను చెప్పబోయాను. అప్పటికే ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఎవర్రా అక్కడ?" అని కేకేసింది. "ఇది పొద్దున్నా, సాయంత్రమా?"

తట్టీల అవతలినుంచి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఆడా మగా పిల్లా మేకా అందరూ ఒక్క గొంతుతో అరిచారు. మామయ్య గొంతు అన్నిటికంటే ముందు.

"సాయంత్రం!"

నాన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేనూ అదే అనుకున్నాలే" అని వెళ్ళి మళ్ళీ పడుకుంది.